అయిదు వందలా? ఆరు వందల యాభయ్యా?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "నాకు తెలిసిన చరిత్రంతా రిజిస్టర్లలోనే ఉందండీ" అన్నాను. "అదే రాయండి" అన్నారాయన. పెన్షను సవరణల గురించీ, డి.ఏ. బకాయిల గురించీ, వైద్యం బిల్లుల గురించీ సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫయ్యారేళ్లు రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. బండ్లు నడిపినవాణ్ణి కాను, బండ్ల నంబర్లు రాసినవాణ్ణి. నా సొంత వాహనం మొదట సైకిలు, తరువాత స్కూటరు. అయినా ఇంగ్లండులో ఒకప్పుడు తయారైన జంట సిలిండర్ల మోటారు సైకిళ్ల గురించి తెలుసుకోవడానికి నా విశ్రాంత జీవితంలో చాలా సాయంకాలాలు ఖర్చుపెట్టాను. ఎందుకు పెట్టవలసివచ్చిందో ముందుగా మనవి చేస్తాను.

మా అన్నయ్య బండి

1974లో నేను కాకినాడ ఆఫీసులో ఎల్.డి. గుమాస్తాను. మా పెద్దన్నయ్య ధవళేశ్వరంలో పి.డబ్ల్యు.డి. ఓవర్సీరు. ఇల్లు రాజమండ్రిలో. గోదావరి గట్టు వెంబడి రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు. ఆ దూరానికి సైకిలు చాలు, కాకపోతే ఏ జావాయో బుల్లెట్టో సరిపోతుంది. కానీ 1950ల్లో ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన జంట సిలిండర్ల బండ్లు రెండు మద్రాసులో అమ్మకానికి ఉన్నాయని అన్నయ్యకు ఎవరో చెప్పారు. ఒకటి 500 సి.సి., రెండోది 650. చిన్నదాని ధర అయిదు వందల రూపాయలు తక్కువ. "కొంటే పెద్దదే కొనాలిరా, అయిదు వందలకు చూసుకుని జన్మంతా బాధపడతామా?" అన్నాడు. చెల్లెలి పెళ్లికని అమ్మ దాచిన గొలుసు తాకట్టు పెట్టి 650 తెచ్చాడు.

దాని బదిలీ కాగితాలు మా ఆఫీసుకే వచ్చాయి. ఘనసామర్థ్యం గడిలో 649 అని నా చేత్తోనే రాశాను. అన్నయ్యతో పాటు నేనూ పొంగిపోయాననే మాట దాచను. గట్టు మీద ఆ బండి చప్పుడు వినిపిస్తే పిల్లలు వీధిలోకి పరుగెత్తుకొచ్చేవారు.

ఆ ముచ్చట ఏడాది కూడా నిలవలేదు. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర సామాన్యుడికి అందకుండా పోయింది. అన్నయ్య బండి లీటరుకు పద్ధెనిమిది కిలోమీటర్లు దాటేది కాదు. ఒక పిస్టన్ పట్టేసింది. దానికి సరిపడే పిస్టన్ మద్రాసులోనూ దొరకలేదు, బొంబాయిలోనూ దొరకలేదు. బండి పెరట్లో టార్పాలిను కింద చేరింది. గొలుసు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. చెల్లెలి పెళ్లి ఆ రెండేళ్లూ ఆగింది. ఎందుకాగిందో చెల్లెలికి తెలుసు. ఒక్కనాడూ అన్నయ్యను మాట అనలేదు. అన్నయ్య 1998లో పోయాడు.

ఆ రెండు బండ్లలో అన్నయ్య ఏది కొనవలసింది? అసలు 500కూ 650కీ తేడా ఏమిటి? నంబరు రాసిన నాకే తెలియదు. రిటైరయ్యాక తెలుసుకున్నాను. తెలుసుకున్నదే ఈ వ్యాసం.

అంతా ఒకే నమూనా నుంచి

సి.సి. అంటే సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ ఆడే చోటు ఘనపరిమాణం. సిలిండరు వెడల్పును బోరు అనీ, పిస్టన్ ఆడే దూరాన్ని స్ట్రోకు అనీ అంటారు. ఈ రెండు కొలతలూ తెలిస్తే ఎనిమిదో తరగతి లెక్కతో ఇంజను సైజు కట్టవచ్చు.

ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1933లోనే, వాల్ పేజ్ అనే ఇంజనీరు రూపకల్పనతో, నిలువు జంట సిలిండర్ల 650 బండి ఒకటి తెచ్చింది. అది ముఖ్యంగా సైడుకారు లాగడానికి ఉద్దేశించిన బరువైన బండి. అంతగా అమ్ముడుపోలేదు. 1936లో జాక్ సాంగ్‌స్టర్ ఆ కంపెనీ మోటారు సైకిళ్ల విభాగాన్ని కొని, ఎడ్వర్డ్ టర్నర్‌కు అప్పగించాడు. టర్నర్ 1937లో తెచ్చినదే 'స్పీడ్ ట్విన్'. బోరు 63 మిల్లీమీటర్లు, స్ట్రోకు 80, మొత్తం 498 సి.సి., శక్తి సుమారు 27 అశ్వశక్తి. ధర సుమారు 75 పౌండ్లు. పెద్దది ఓడిన చోట చిన్నది గెలిచిందన్నమాట. పక్కనుంచి చూస్తే అది మామూలు ఒంటి సిలిండరు బండిలాగే సన్నగా కనిపించేది. ఆనాటి కుర్రకారు దాన్ని చూసి బెదరకపోవడానికి అదీ ఒక కారణం. 1939 నాటికి దాని అన్నదమ్ముడు 'టైగర్ 100' వచ్చింది. ఆ నూరు గంటకు నూరు మైళ్లు.

1940 నవంబరులో జర్మన్ బాంబుదాడిలో కొవెంట్రీ నగరంతో పాటు ట్రయంఫ్ ఫ్యాక్టరీ కూడా నాశనమైంది. 1942లో దగ్గరలోని మెరిడెన్ గ్రామం వద్ద కొత్త ఫ్యాక్టరీ నడక మొదలుపెట్టింది. యుద్ధం ముగిశాక మిగతా కంపెనీలన్నీ టర్నర్ దారినే పట్టాయి. బి.ఎస్.ఏ. వారి ఏ7 1946లో వచ్చింది. నార్టన్ వారి డామినేటర్ ఆ తరువాత రెండు మూడేళ్లకు బర్ట్ హాప్‌వుడ్ రూపకల్పనతో వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్, ఏ.జె.ఎస్., మ్యాచ్‌లెస్ కూడా అదే సమయంలో తమ ట్విన్‌లను దించాయి. అన్నీ సుమారు 500 సి.సి.లే. కథ అక్కడే ఆగి ఉంటే 'ఏది కొనాలి' అన్న ప్రశ్నే పుట్టేది కాదు.

ఎందుకు పెరిగాయి?

యుద్ధంలో బ్రిటన్ ఖజానా ఖాళీ అయింది. డాలర్లు కావాలి. ఫ్యాక్టరీలకు ఉక్కు కావాలంటే సరుకు ఎగుమతి చేసి చూపాలి. మోటారు సైకిళ్లకు పెద్ద బజారు అమెరికా. అక్కడి రోడ్లు తిన్నగా వందల మైళ్లు పోతాయి, అక్కడి కొనుగోలుదారుడు పెద్ద ఇంజన్లకు అలవాటుపడినవాడు. అతను ఇంకాస్త శక్తి కావాలన్నాడు.

కొత్త ఇంజను గీసి, కొత్త యంత్రాలు బిగించే బదులు ఉన్న ఇంజనునే కాస్త వెడల్పూ, కాస్త పొడవూ చేశారు. 1949 సెప్టెంబరులో మూడు 'థండర్‌బర్డ్'లు ఫ్రాన్సులోని మాంట్‌లెరీ పరుగుబాట మీద ఒక్కొక్కటి 500 మైళ్లు గంటకు 90 మైళ్లకు మించిన సగటున పరుగెత్తి 650 యుగాన్ని ప్రారంభించాయి. వాటి బోరు 71, స్ట్రోకు 82. వెంటనే బి.ఎస్.ఏ. 646 సి.సి. 'గోల్డెన్ ఫ్లాష్' తెచ్చింది. 1958 చివర ట్రయంఫ్ రెండు కార్బురేటర్ల 'బోనవిల్'ను ప్రకటించింది.

నార్టన్ వారి జమాఖర్చు మరీ స్పష్టం. మొదట 497, 1956లో 596, ఆ తరువాత 646, 1962లో 'అట్లాస్' పేరుతో 745, చివరకు 1973లో 828. దీన్నే 850 అని పిలిచారు. పావు శతాబ్దం పాటు ఒకే వంశవృక్షం. పాత ఇంటి మీద అంతస్తులు వేస్తూ పోయి, పునాది సంగతి పైవాడికి వదిలేసినట్టు.

మన పాఠకులకు ఇక్కడ ఒక ముచ్చట. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1952లో ప్రకటించిన 'మీటియర్' 692 సి.సి. ట్విన్ కొలతలు బోరు 70, స్ట్రోకు 90. మనం మద్రాసు బుల్లెట్ అని పిలుచుకునే 350 బండి కొలతలూ అవే. రెండు బుల్లెట్ సిలిండర్లు పక్కపక్కన నిలబెడితే ఒక మీటియర్! ఎన్ని బుల్లెట్లకు ఆ 346 సి.సి. అంకె రాశానో లెక్కలేదు గాని, ఈ చుట్టరికం సర్వీసులో ఉండగా నాకు తెలియలేదు.

అదురు అనే వడ్డీ

ఇక అసలు విషయం. పల్లెల్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు వడ్లు దంచడం మనలో చాలామంది చూసినవాళ్లమే. ఒకరి రోకలి పైకి లేచినప్పుడు రెండోవారి రోకలి కిందికి దిగుతుంది. అరుగు అదరదు. ఇద్దరూ ఒకేసారి ఎత్తి ఒకేసారి వేస్తే ఇల్లంతా అదురుతుంది. బ్రిటిష్ ట్విన్‌లలో రెండు పిస్టన్లూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. పేలుడు మాత్రం ఒకసారి ఈ సిలిండరులో, మరోసారి ఆ సిలిండరులో. అందువల్ల చప్పుడు సమంగా, ఇంపుగా ఉంటుంది. రెండింటికీ ఒకే కార్బురేటరు చక్కగా సరిపోతుంది. కానీ పిస్టన్ల ఊపు మాత్రం ఒంటి సిలిండరు బండిలో ఉన్నట్టే ఉంటుంది. క్రాంకు మీద ఎదురు బరువులు వేసి ఆ ఊపును కొంత తగ్గించవచ్చుగాని పూర్తిగా తీసివేయలేరు.

ఆ ఊపు పిస్టన్ బరువుతోనూ, స్ట్రోకుతోనూ పెరుగుతుంది. ఇంజను వేగంతో అయితే వర్గంగా పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఊపు రెండుంపావు రెట్లు. నా గుమాస్తా బుద్ధి కొద్దీ ఒక చిన్న లెక్క వేశాను. నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు, 65.5 మిల్లీమీటర్ల స్ట్రోకున్న ఇంజనులో పిస్టన్ సగటు వేగం సెకనుకు 13.1 మీటర్లు. స్పీడ్ ట్విన్ 80 స్ట్రోకుతో 16. అట్లాస్ 89 స్ట్రోకుతో 17.8. పిస్టన్లు కూడా పెద్దవి, బరువైనవి. కనుక పెద్ద ఇంజను ఇచ్చే శక్తి అప్పు లాంటిది. దాని వడ్డీ అదురు రూపంలో చేతులకు, నట్లకు, దీపాల బల్బులకు, బేరింగులకు పడుతుంది.

ఆ వడ్డీ మొదట్లో ఎవరికీ తెలియలేదు. ఇంగ్లండు పాత రోడ్ల మీద గంటకు డెబ్భై మైళ్లు అదేపనిగా పోవడానికి చోటేదీ? 1959లో ఎం1 అనే పెద్ద రహదారి తెరిచాక, గంటల తరబడి ఒకే వేగంతో పోవడం సాధ్యమయ్యాక, పెద్ద ట్విన్‌ల అదురు పెద్ద ఫిర్యాదుగా మారింది.

దీనికి నార్టన్ వారు 1967లో చూపిన ఉపాయం 'కమాండో'. ఇంజనునూ, గేరు పెట్టెనూ, వెనుక చక్రం పట్టే చేతినీ ఒకే ముక్కగా కలిపి రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. అదురు ఇంజనులోనే ఉంటుంది, మనిషిదాకా రాదు. ఇంగ్లండులో పత్రిక పాఠకులు ఆ బండిని వరుసగా అయిదేళ్లు మేటి బండిగా ఎన్నుకున్నారు. అయితే ఆ రబ్బరు దిమ్మెల సందును పలుచని రేకులతో సరిగా సర్దుకుంటూ ఉండాలి. అశ్రద్ధ చేస్తే అదురైనా తిరిగి వస్తుంది, బండైనా వంకర నడక నడుస్తుంది. 1972లో మరింత శక్తికోసం బిగించిన 'కాంబాట్' ఇంజన్లలో క్రాంకు బేరింగులు త్వరత్వరగా పోయాయి. తరువాత గట్టి బేరింగులు వేసి, 850ను నెమ్మది స్వభావంతో తయారుచేశారు. పెద్దవాటిలో పెద్దదైన 850, 750 కన్నా సాధువు కావడం ఈ చరిత్రలో ఒక వింత.

చిన్నవాడి గెలుపు

500లు ఈలోపు ఖాళీగా కూర్చోలేదు. 1959 నాటికి ట్రయంఫ్ తన 500ను కొత్తగా గీసింది. ఇంజనూ గేరు పెట్టే ఒకే కవచంలోకి వచ్చాయి. బోరు 69, స్ట్రోకు 65.5, మొత్తం 490 సి.సి. నా లెక్కలో మొదటిది ఇదే. బండి బరువు సుమారు 155 కిలోలు. కమాండో సుమారు 190.

అమెరికాలో డేటోనా 200 మైళ్ల పందెం పేరుమోసినది. అక్కడి నిబంధనల ప్రకారం తల మీద వాల్వులున్న ఇంజన్లకు 500 సి.సి. హద్దు. పక్క వాల్వుల ఇంజన్లకు 750 వరకూ అనుమతి. అంటే ట్రయంఫ్ 500, హార్లీ డేవిడ్‌సన్ 750తో తలపడాలి. 1962లోనూ, తిరిగి 1966, 1967లలోనూ ట్రయంఫ్ 500 గెలిచింది. ఆ గెలుపు పేరుతోనే 'డేటోనా' అనే రెండు కార్బురేటర్ల 500 బజారులోకి వచ్చింది.

650ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1969లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో మాల్కం అప్‌హిల్ అనే రౌతు బజారులో అమ్మే తరహా బోనవిల్ మీద సగటున గంటకు నూరు మైళ్లు మించి ఒక చుట్టు తిరిగాడు. ఆ తరహా బండి మీద అది మొదటిసారి. సైడుకారులో సంసారాన్ని కూర్చోబెట్టుకుని ఆదివారం సముద్రతీరానికి పోయిన బ్రిటిష్ కార్మికుడికి గోల్డెన్ ఫ్లాష్ ఇంటి ఎద్దు. పోలీసులు ఏళ్ల తరబడి నమ్ముకున్నది ట్రయంఫ్ 650నే. ఆ పని 500 చేయలేదు.

ఏది ఎవరికి?

చదివినదీ, విన్నదీ కలిపి నేను తేల్చుకున్నది ఇది.

ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లె రోడ్ల మీదా ఒక్కడే తిరిగేవాడికి 500 చాలు. తేలికగా కిక్కు కొట్టవచ్చు, సందులో తిప్పవచ్చు, పెట్రోలు తక్కువ, అదురు తక్కువ. ఎక్కువసేపు గంటకు తొంభై కిలోమీటర్లు మించి తోలాలన్నా, వెనుక మనిషినీ సామానునూ వేసుకుని కొండలెక్కాలన్నా దానికి ఆయాసం.

ఇద్దరు మనుషులు, దూర ప్రయాణాలు అయితే 650. అందులోనూ ఒకే కార్బురేటరు, తక్కువ కంప్రెషను ఉన్న థండర్‌బర్డ్, గోల్డెన్ ఫ్లాష్ రకాలు నిదానస్తులు. రెండు కార్బురేటర్ల బోనవిల్ అందగత్తె, కానీ రెండింటినీ సమంగా పెట్టుకోవడం వచ్చినవాడి చేతిలోనే మాట వింటుంది.

పెద్ద రహదారుల మీదే జీవితం గడిపేవాడికి కమాండో 750 లేదా 850. రబ్బరు దిమ్మెలను ఏటేటా చూసుకునే ఓపిక ఉండాలి. రబ్బరు లేని అట్లాస్ 750 దాని అందం, బలం తెలిసి, అదురుకు సిద్ధపడినవారికే.

సైజు కంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. ఒకటి విడిభాగాలు. ట్రయంఫ్, నార్టన్ బండ్లకు ఈనాటికీ ఇంగ్లండులో కొత్తగా భాగాలు చేసి అమ్ముతున్నారు. మా అన్నయ్యకు ఆ వసతి లేదు. రెండోది కాగితాలు. ఈ రెండోదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కొవెంట్రీలో పెన్సిలు ప్రింటు

2023 వేసవిలో మా అమ్మాయి వాళ్లింటికి కొవెంట్రీ వెళ్లాను. మనవడికి ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. తన సొంత సంపాదనతో పాత ట్రయంఫ్ ఒకటి కొనాలని పట్టుదల. రెండు చూసి పెట్టుకున్నాడు. ఒకటి 1960ల నాటి 500. రెండోది 1970 నాటి బోనవిల్ 650 అని అమ్మేవారు చెప్పినది. ధర మొదటిదానికి రెట్టింపుకు దగ్గర. "తాతయ్యా, కొంటే బోనవిల్లే కొనాలి. చిన్నది కొని తరువాత బాధపడటమెందుకు?" అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. నలభై తొమ్మిదేళ్ల తరువాత అదే వాక్యం.

పక్కింట్లో ఎనభై దాటిన పెద్దాయన ఉండేవారు. మెరిడెన్ ఫ్యాక్టరీలో పనిచేసినవారు. నేనూ రిటైర్డు ఉద్యోగినేనని తెలిశాక మాకు స్నేహం కుదిరింది. రెండు బండ్లూ చూడటానికి ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లాం. బండి చూడగానే మనవడు సీటెక్కాడు. నేను చేతిరుమాలుతో ఇంజను నంబరు చోటు తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. సర్వీసులో కొన్ని వేలసార్లు చూసిన పని అది. అమ్మేవారు వింతగా చూశారు.

ట్రయంఫ్ ఫ్యాక్టరీలో ఆ కాలంలో ఇంజను నంబరూ చట్రం నంబరూ ఒకటే వేసేవారు. నంబరు ముందు నమూనా అక్షరాలుంటాయి. మామూలు 650ని ఎవరైనా అక్షరాలు చెరిపి బోనవిల్‌గా చూపకుండా, 1970 నాటి బండ్లలో నంబరు వేసే చోట చిన్న చిన్న ట్రయంఫ్ ముద్రల వరుసలు పరిచి వాటిపైన అంకెలు కొట్టేవారు. ఈ సంగతి పెద్దాయన దారిలోనే చెప్పారు. నా కాగితం మీద అంకెల కింద ఆ ముద్రలు వచ్చాయి. అక్షరాల కింద నున్నగా ఉంది. రిజిస్టరులో బ్లేడుతో గీకి దిద్దిన అంకె ఎంత నేర్పుగా దిద్దినా మన కంటికి పట్టుబడుతుందే, అలా పట్టుబడింది. పెద్దాయన కాగితం కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూసి, ఏమీ అనకుండా నాకు తిరిగి ఇచ్చారు.

మనవడి ముఖం వాడిపోయింది. ఇంటికి వస్తూ అడిగాను. "రోజూ ఎంత దూరం పోతావురా?" "రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు తాతయ్యా" అన్నాడు. 1974లో అన్నయ్యను నేను అడగవలసిన ప్రశ్న అది. నాకు అన్నయ్య దూరం తెలుసు. తెలిసీ అడగలేదు. 649 అని రాసుకుని మురిసిపోయాను.

వారం తరువాత వాడు 500 కొన్నాడు. నేను చెప్పానని కాదు, దాన్ని రెండోసారి నడిపి చూశాక కొన్నాడు. ఎప్పుడైనా భార్యాబిడ్డలతో దూరాలు తిరగవలసివస్తే 650 చూసుకుంటాడేమో. అప్పటి అవసరం అప్పటిది.

మెరిడెన్ వీధి పేర్లు

ఒక ఆదివారం పెద్దాయన మమ్మల్ని మెరిడెన్ తీసుకువెళ్లారు. ఫ్యాక్టరీ లేదు. ఆ స్థలంలో ఇళ్ల కాలనీ ఉంది. ఒక వీధి పేరు బోనవిల్ క్లోజ్, మరొకటి డేటోనా డ్రైవ్.

1969లో జపాన్ నుంచి హోండా 750 నాలుగు సిలిండర్లతో వచ్చింది. మీట నొక్కితే స్టార్టయ్యేది, నూనె కారేది కాదు. పాత నమూనాను సాగదీస్తూ వచ్చిన కంపెనీలు దాని ముందు నిలవలేకపోయాయి. 1973లో మెరిడెన్‌ను మూసేస్తామని యాజమాన్యం ప్రకటిస్తే, కార్మికులు గేట్ల దగ్గర కూర్చుని పద్ధెనిమిది నెలలు కదలలేదు. 1975లో ప్రభుత్వ సాయంతో కార్మికుల సహకార సంఘంగా ఫ్యాక్టరీ తిరిగి తెరిచారు. మొదట్లో అందరికీ ఒకే జీతం. వారు చేసినది ఆ పాత బోనవిల్లే, 744 సి.సి.కి సాగదీసినది. ఎనిమిదేళ్లు నడిపారు. 1983లో మూతపడింది. పేరును జాన్ బ్లూర్ అనే ఇళ్ల నిర్మాణ వ్యాపారి కొని, 1990లలో హింక్లీ పట్టణంలో కొత్త బండ్లతో తిరిగి నిలబెట్టాడు.

"మా చేతుల్లో లోపం లేదు. కొత్త యంత్రాలు కొనమని అడిగాం, పాత ఇంజనునే పెద్దది చేయమన్నారు" అన్నారు పెద్దాయన ఆ వీధి బోర్డు కింద నిలబడి. పైవాళ్ల నిర్ణయాల ఫలితం కిందివాళ్లు అనుభవించడం మనకు కొత్త కాదు కనుక, నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను.

చరిత్ర మరో మలుపు కూడా తిరిగింది. 2018లో మన మద్రాసు ప్రాంతంలోని ఫ్యాక్టరీల నుంచే రాయల్ ఎన్‌ఫీల్డ్ 648 సి.సి. జంట సిలిండర్ల 'ఇంటర్‌సెప్టర్' వెలువడింది. 1960ల నాటి ఇంగ్లండు బండి పేరే దానికి పెట్టారు. ఇందులో పిస్టన్లు రెండూ ఒకేసారి లేవవు, క్రాంకును 270 డిగ్రీల ఎడంలో మలిచారు. అదురు తీయడానికి ప్రత్యేకంగా ఒక షాఫ్టు ఉంది. స్ట్రోకు 67.8 మాత్రమే. అంటే పాత 500 పొట్టి స్ట్రోకు గుణమూ, 650 బలమూ ఒకచోట కలిశాయి. మా అన్నయ్య కోరుకున్న బండి ఇదే. నలభై నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది.

మిత్రులారా, మనలో చాలామంది ఈ వయసులో పిల్లలకూ మనవలకూ ఇంటి విషయంలోనో, బండి విషయంలోనో సలహా చెప్పవలసి వస్తూంటుంది. పెద్దది వద్దని చెప్పే హక్కు మనకు లేదు. అది ఎవరికి ఏ పనికి కావాలో అడిగే హక్కు మాత్రం ఉంది. అడగవలసిన వేళ అడగకపోతే, ఆ ఖర్చు ఒక్కోసారి ఏ పాపమూ ఎరుగని చెల్లెలి పద్దులో పడుతుంది.

ఊరినుంచి తిరిగి వచ్చాక మా చెల్లెలికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "అన్నయ్య ఆ బండి మీద నన్ను ఒక్కసారి కోటిపల్లి తీర్థానికి తీసుకెళ్లాడురా చిన్నన్నయ్యా. ఎంత బాగుందో!" అంది. నేను ఇంకేమీ మాట్లాడలేదు.